రాత్రి తక్కువ తిన్నా పొద్దున షుగర్ ఎందుకు పెరుగుతుంది?

పడుకునే ముందు 130 ఉండి, ఏమీ తినకుండానే పొద్దున 160 ఎలా వచ్చిందని అడిగారు. ఆ 30 మీ లివర్ పోసింది. పుల్కాలను మూడు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి చేసుకుంటూ పోతే దాని పని ఆగదు.

ఒంట్లో ఉన్న ఐదు లీటర్ల రక్తంలో మామూలుగా ఉండే గ్లూకోజ్ అంతా కలిపి నాలుగైదు గ్రాములు, ఒక టీస్పూను. మెదడు ఒక్కదానికే రోజుకు సుమారు 120 గ్రాములు కావాలి, నిద్రలోనూ దానికి సెలవు లేదు. అందుకే తిన్నదాంట్లో మిగులు గ్లైకోజెన్‌గా మారి లివర్‌లో 100 గ్రాముల దాకా, కండరాల్లో 400 దాకా నిల్వ ఉంటుంది. కండరాల్లోది తిరిగి రక్తంలోకి రాదు. గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ అక్కడ లేదు, దాచుకున్న కండరమే వాడుకోవాలి. ఒళ్లంతటికీ కొలిచి పోసే గాదె లివరే.

తొమ్మిదింటికి భోంచేస్తే ఒకటి, రెండు గంటలకల్లా పేగుల నుంచి వచ్చేది దాదాపు అయిపోతుంది. అక్కడి నుంచి లివర్ వంతు. 60 కిలోల మనిషికి గంటకు 7 గ్రాముల చొప్పున పోస్తుంది. తెల్లవారేసరికి అందులో దాదాపు సగమే గ్లైకోజెన్‌ది. మిగతాది లాక్టేట్, గ్లిజరాల్, అమైనో ఆమ్లాలతో అప్పటికప్పుడు తయారైనది. మూడు దాటాక గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ అనే హార్మోన్లు లివర్‌ను ఇంకా పొయ్యమంటాయి. జబ్బు లేనివాళ్లలో ఆ వేళకు కాస్త ఇన్సులిన్ వచ్చి లివర్‌ను ఆపుతుంది. టైప్ 2 షుగర్ జబ్బులో ఇన్సులిన్ మాట సరిగ్గా చెల్లదు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా తగ్గించేది ఈ లివర్ ఉత్పత్తినే, "నేను స్వీట్లు తినను కదా, నాకెందుకు" అని మానేసేవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు.

రాత్రి భోజనం ఎగ్గొట్టడం ఇంకా ప్రమాదం. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రో, ఇన్సులినో వేసుకుని పస్తుంటే నడిరాత్రి షుగర్ పడిపోవచ్చు. ఖాళీ కడుపున మద్యం తాగితే మరీను: ఆల్కహాల్ లివర్ కొత్త గ్లూకోజ్ తయారీని అడ్డుకుంటుంది. కాబట్టి రెండు మూడు రాత్రులు పడుకునేటప్పుడు, మూడింటికి, లేవగానే చూసి రాసుకోండి. మూడింటికి బాగానే ఉండి పొద్దున పెరిగితే పైన చెప్పిన సంగతే. మూడింటికి 70 కంటే తక్కువుంటే డోసు ఎక్కువైందేమోనని అనుమానించాలి. ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి, డోసు మీరే మార్చొద్దు.

సూది గుచ్చేముందు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. మామిడిపండు కోసిన వేలితో చూసి 300 వచ్చిందని గాభరా పడేవాళ్లున్నారు. ఇంటి మీటర్లకు 100 దాటిన రీడింగుల్లో 15 శాతం అటూ ఇటూ తేడా ప్రమాణాల్లోనే అనుమతి ఉంది. నిన్న 150, ఇవాళ 160 అని ఇంట్లో పంచాయితీ పెట్టడం దండగ.

నన్నడిగితే లివర్‌తో కుస్తీ కంటే కండరాలకు పని చెప్పడం మేలు. కండరం కదులుతున్నంతసేపూ ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. లోపలి గ్లైకోజెన్ కొంత ఖర్చయితే తర్వాతి భోజనంలోది దాచుకోవడానికి చోటూ దొరుకుతుంది. రాత్రి తిన్న అరగంటలోపు పదిహేను నిమిషాలు నడవండి. తెల్లారి పార్కులో గంట నడిచొచ్చి, భోంచేయగానే సోఫాలో వాలిపోయేవాళ్లు భోజనం తర్వాతి రీడింగు కూడా ఒకసారి, రెండు గంటలకు, చూసుకోవాలి.