సీసా తిప్పి చూడు, అల్లుడూ

అల్లుడూ,

సలాం. మే నెలాఖరులో బ్యాంకాక్‌లో థాయ్‌ఫెక్స్ అనే ఆహార సరుకుల ఎగ్జిబిషన్ చూడటానికి టికెట్ తీశావట, టోలీచౌకి కొట్లో థాయ్ సాసులు, నూడుల్స్, కొబ్బరిపాలు పెడతావట. మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. "హలాల్ సరుకు అంటున్నాడు, అక్కడ పంది తప్ప ఇంకేం తినరంట కదా, నువ్వే చెప్పరా వాడికి" అంది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. పంతొమ్మిదేళ్లు ఆ ఊళ్లో ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీకి సరుకు కొన్నవాణ్ణి కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. బోరు కొడితే మధ్యలో టీ తాగి చదువు.

ముందు ఒకటి గుర్తుపెట్టుకో. నువ్వు వెళ్లేది బౌద్ధుల దేశానికి. ముస్లింలు నూటికి ఐదుగురు ఉంటారేమో. దక్షిణాన మలేషియా సరిహద్దు వైపు ఉన్న పట్టానీ, యాలా, నరాథివాట్‌లలోనే వాళ్లు ఎక్కువ. మరి అలాంటి దేశంలో సూపర్‌మార్కెట్‌కి వెళ్తే చిప్స్ ప్యాకెట్ నుంచి సోయాసాస్ దాకా హలాల్ గుర్తు ఎందుకుంటుంది? ఫ్యాక్టరీ యజమాని కళ్లు మలేషియా, ఇండోనేషియా, గల్ఫ్ మీద ఉంటాయి కాబట్టి. నేను చూసిన కోళ్ల ఫ్యాక్టరీల్లో యజమాని చైనా మూలాలవాడు, మేనేజర్ బౌద్ధుడు, కత్తి పట్టేవాడు మాత్రం ముస్లిం. అతను బిస్మిల్లా చెప్పి కోస్తుంటే పక్కన తెల్లకోటు అమ్మాయి టెంపరేచర్ రాసుకుంటూ ఉంటుంది. యజమాని పేరు చూసి సరుకు వద్దనుకోకు, గడ్డం చూసి నమ్మేయకు. మొదటి రెండేళ్లు నేను రెండు తప్పులూ చేశాను.

గుర్తు గురించి. వజ్రం ఆకారంలో గడి, మధ్యలో అరబ్బీలో హలాల్ అని ఉంటుంది. నాకూ నీకూ అరబ్బీ అంతంతమాత్రమే అయినా ఆ ఒక్క మాట గుర్తుపట్టగలం. అది ఇచ్చేది థాయిలాండ్ కేంద్ర ఇస్లామిక్ కౌన్సిల్. 1997లో చేసిన చట్టం కింద కేంద్రంలో కౌన్సిల్, రాష్ట్రాల్లో కమిటీలు పనిచేస్తాయి. స్టాల్‌లో చక్కటి ఇంగ్లీషు మాట్లాడే అబ్బాయి బ్రోషర్ చూపించి "మా కంపెనీకి హలాల్ ఉంది సార్" అంటాడు. అక్కడే ఆగు. కంపెనీకి ఉండటం వేరు, నువ్వు కొనే వస్తువుకి ఉండటం వేరు. ఒకే బ్రాండు నూడుల్స్‌లో రొయ్య రుచి ప్యాకెట్ మీద గుర్తు ఉంటుంది, దాని పక్కనే పంది రుచి ప్యాకెట్ ఉంటుంది. రంగులు కూడా దగ్గరదగ్గరే. అందుకని సర్టిఫికెట్ కాగితం అడుగు. వస్తువు పేరు, ఫ్యాక్టరీ అడ్రస్, గడువు, ఈ మూడూ సీసా మీద ఉన్నవాటితో సరిపోవాలి. ఆ కాగితాన్ని ఏటా రెన్యూ చేయించుకోవాలి.

గడువు అంటే నా చెవులు ఇప్పటికీ ఎర్రబడతాయి. 2004 ఏప్రిల్‌లో మసాలా ముద్దల కంటైనర్ ఒకటి పంపిస్తున్నాను. కాగితం చివర తేదీ పక్కన 46 అని ఉంది. ఏదో ఫైలు నంబరు అనుకున్నాను. థాయిలాండ్‌లో బౌద్ధ శకం వాడతారు, మన ఏడాదికి 543 కలపాలి. 46 అంటే 2546, అంటే 2003. సర్టిఫికెట్ చచ్చి నాలుగు నెలలైంది. నా టేబుల్ పక్కన కూర్చునే అకౌంటెంటమ్మ చూసి, నవ్వకుండా, "సార్, పోయిన సంవత్సరం కాగితం" అంది. సీలు తీయించి సరుకంతా దించాను, గోడౌన్ అద్దె మీద పడింది. ఆ నెల జీతంలో ఎంత కోశారో మీ అత్తకి ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. లోకల్ మార్కెట్‌కి తయారైన సీసాల మీద ఎక్స్‌పైరీ కూడా ఒక్కోసారి ఇలాగే ఉంటుంది. 70 అని కనిపిస్తే 2570, మన 2027.

ఇప్పుడు నీకు ఎవరూ చెప్పని సంగతి. అక్కడి ముస్లింలలో ఎక్కువమంది షాఫీ అనే ధర్మశాస్త్ర పద్ధతివాళ్లు. సముద్రంలో దొరికేదాన్ని దాదాపు అంతా తింటారు. మనది హనఫీ అనే ఇంకో పద్ధతి. మన పెద్దలు చేప తప్ప మిగతావాటికి ఒప్పుకోరు, రొయ్య దగ్గర మాత్రం సర్దుకుపోయారు. కాబట్టి ఆయిస్టర్ సాస్ మీద, పీత చిప్స్ మీద, ఎండు స్క్విడ్ మీద హలాల్ గుర్తు ఉంటే అది మోసం కాదు. కానీ టోలీచౌకిలో ఒకాయన వచ్చి "ఆల్చిప్ప హలాలెట్లయితది" అని కౌంటర్ దగ్గర పంచాయితీ పెడతాడు. ఆయనతో వాదించకు. ఆ షెల్ఫు వేరుగా పెట్టు, అంతే.

రెండో షెల్ఫు కూడా పెట్టాలి, శాకాహారులకి. థాయ్ గ్రీన్ కర్రీ పేస్ట్ చూడగానే మిరపకాయ, నిమ్మగడ్డి, గలంగల్ కనిపించి, ఇదంతా ఆకులూ వేళ్లే కదా అనిపిస్తుంది. అందులో కపి ఉంటుంది, రొయ్యల్ని ఉప్పేసి పులియబెట్టిన ముద్ద. హలాలే, శాకాహారం కాదు. మామిడికాయ పచ్చడి కోసం వచ్చిన పంతులుగారి కోడలు తెలియక తీసుకెళ్తే ఆ పాపం నీదే. పసుపు రంగు మీద ఎర్రటి థాయ్ అక్షరంతో ‘జే’ అని ఒక గుర్తు ఉంటుంది. అది చైనా బౌద్ధుల శాకాహారం, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మన జైనులు సంతోషిస్తారు. ఇక్కడ దించాక మాత్రం ఎఫ్ఎస్ఎస్ఏఐ లేబుల్, ఆకుపచ్చ గుర్తు, గోధుమరంగు గుర్తు తప్పవు. హలాల్ గుర్తు చూపించి చెన్నై పోర్టులో సరుకు విడిపించుకోలేవు. ఆ తతంగం నీ ఏజెంటుకి తెలుసు, నేను రాయను.

జెలటిన్, బిస్కెట్లలో వేసే కొవ్వు, రుచి కోసం వేసే చుక్కల మందులు, ఈ మూడు ఉన్న సరుకు కొంటే ల్యాబ్ రిపోర్టు కూడా అడుగు. బ్యాంకాక్ చులాలాంగ్‌కార్న్ యూనివర్సిటీలో హలాల్ సైన్స్ సెంటర్ ఉంది. 2003లో మొదలైంది, పెట్టినాయన డాక్టర్ వినాయ్ దహ్లాన్. ఆయన తాత ఇండోనేషియాలో ముహమ్మదియా సంస్థ స్థాపించిన అహ్మద్ దహ్లాన్. మనవడు ల్యాబులో డీఎన్ఏ పట్టుకుని బిస్కెట్లో పంది ఆనవాళ్లు ఉన్నాయో లేవో వెతికించాడు. పంది తగిలిన గిన్నెని ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టినీళ్లతో అంటారు షాఫీలు. ఫ్యాక్టరీ మెషీన్లకి మట్టి రుద్దితే పైపులు పూడుకుపోవూ? అందుకని వాళ్లు మట్టి కలిపిన ద్రవ సబ్బు తయారుచేశారు. అది విన్నాక ఆ సెంటర్ మీద నాకు గౌరవం పెరిగింది.

సరే, నీ కడుపు సంగతి. వెళ్లిన మొదటి నెల ఆఫీసు కింద బండి దగ్గర రోజూ చేప ఉండల నూడుల్స్ తినేవాణ్ణి. చేపే కదా అని ధీమా. మూడు వారాల తర్వాత ఒకరోజు తెల్లారే వెళ్తే బండి ఆమె పెద్ద గిన్నెలో ఎముకలు వేస్తోంది. మనం చూసేది పైన తేలే ఉండని, రుచంతా కింద మరిగే ఎముకది. అది పంది ఎముక. ఆమె తప్పేం లేదు, నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. "మై సై మూ", అంటే పంది వేయొద్దు అని చెబితే ముక్కలు తీసేస్తారు, పులుసు మాత్రం అదే. మూకుడులో నూనె కూడా ఒక్కోచోట పందికొవ్వే. కాబట్టి బండి మీద నెలవంకో, పచ్చరంగు బోర్డో, అరబ్బీ అక్షరాలో ఉన్నచోటే తిను. "ఆహాన్ ఇస్లాం" అని అడిగితే చేయి పెట్టి చూపిస్తారు.

సుఖుంవిత్ సోయ్ నానా దగ్గర అరబ్ వీధి ఉంది, అక్కడ నీకు కబాబులు దొరుకుతాయి. నన్నడిగితే అందుకోసం బ్యాంకాక్ దాకా వెళ్లక్కర్లేదు. శుక్రవారం చరోన్ క్రుంగ్ రోడ్డులో హరూన్ మసీదుకి వెళ్లు. నమాజు అయ్యాక సందులో ఖావ్ మోక్ గై, అంటే థాయ్ కోడి బిర్యానీ, దొరుకుతుంది. అమ్మే ఆమె పసుపు అన్నం పక్కకి తోసి, అడుగు నుంచి కోడికాలు తీసి పైన పెడుతుంది. వేయించిన ఉల్లి, నాలుగు దోసకాయ ముక్కలు, పుదీనా వేసి నూరిన తియ్యటి పుల్లటి పచ్చ చట్నీ, చిన్న కప్పులో పలచటి పులుసు. మొదటిసారి తిన్నప్పుడు "ఇదేం బిర్యానీ, పథ్యం కూడులా ఉంది" అనుకున్నాను. నాలుగోసారికి ఆ చట్నీ కోసం వెళ్లడం మొదలెట్టాను. మన బిర్యానీతో పోల్చకు, అది వేరే ఇంటి పిల్ల.

మస్సమన్ కూర కూడా తిను. ముసల్మాను అన్న మాటే అలా తిరిగిందంటారు. యాలకులు, దాల్చినచెక్క, చింతపండు, వేరుశనగ, బంగాళాదుంప, కొబ్బరిపాలు. వాసన సగం మన వంటింటిదే. చియాంగ్‌మాయ్ వెళ్లేంత టైముంటే ఖావ్ సోయ్ ఉంది. యునాన్ నుంచి వచ్చిన చైనా ముస్లింలు అక్కడ స్థిరపడి తెచ్చిన నూడుల్స్ కూర, పైన కరకరలాడే నూడుల్స్ వేస్తారు. కానీ ఈసారి నీకు టైముండదు.

తినే పద్ధతి చెబుతాను. కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు. ఫోర్కుతో చెంచాలోకి తోసుకోవాలి, నోట్లో పెట్టేది చెంచానే. కూరలన్నీ మధ్యలో ఉంటాయి, ఒకసారికి ఒక కూర ఒక చెంచా వేసుకో. మన పెళ్లి విస్తరిలా అన్నీ ఒకేసారి నింపుకుంటే వింతగా చూస్తారు. పలకరింపుగా "కిన్ ఖావ్ రు యాంగ్" అంటారు, అన్నం తిన్నావా అని. మన భోంచేశావా లాంటిదే, తినలేదని చెప్పినా ఫరవాలేదు. నిన్ను చూసి ‘ఖేక్’ అంటే కోపం తెచ్చుకోకు. ఇండియావాళ్లనీ ముస్లింలనీ అలా అంటారు. ఆ మాటకి అతిథి అనే అర్థం కూడా ఉంది. నేను ఆ రెండో అర్థమే తీసుకుని పంతొమ్మిదేళ్లు గడిపేశాను.

బేరం దగ్గర గొంతు పెంచకు. వాళ్లు నవ్వుతూనే ఉంటారు, మర్నాడు ఫోన్ ఎత్తరు.

ఎగ్జిబిషన్ ముఆంగ్ థోంగ్ థానీలో, ఇంపాక్ట్ హాళ్లలో జరుగుతుంది, ఊరికి దూరం. హోటల్ సుఖుంవిత్‌లో తీసుకుంటే రోజూ ట్రాఫిక్‌లోనే సగం పొద్దు పోతుంది. మొదటి రెండు రోజులు తిరుగు, ఆర్డర్ మాత్రం ఇవ్వకు. నచ్చిన సీసాలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, ఆ రాత్రే చూసి చెబుతాను. ముందువైపు ఫొటోలు వద్దు, వెనకవైపు తీయి, అక్షరాలు కనిపించేలా. వచ్చేటప్పుడు మీ అత్తకి రెండు మస్సమన్ ప్యాకెట్లు తే, అవి కూడా తిప్పి చూశాకే.

మీ మామయ్య