బీరువా తలుపు తీస్తే రంగు వాసన

ప్రశ్న: పాత ఇనుప బీరువాకు లోపలా బయటా ఆయిల్ పెయింట్ వేయించాం. పది రోజులైనా తలుపు తీస్తే గుప్పుమంటోంది. పట్టుచీరలకూ వాసన పడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు చీరలు బయటికి తీసేయండి. ఎనామిల్, అంటే మీరు వేయించిన ఆయిల్ పెయింట్, గాలి తగిలితేనే గట్టిపడుతుంది. తలుపులు మూసేస్తే లోపలి అరలు పచ్చిగానే ఉండిపోతాయి. అర మూలలో గోటితో నొక్కి చూడండి, గాటు పడితే ఇంకా ఆరలేదన్నమాట. సొరుగులు ఊడదీసి, తలుపులు బార్లా తెరిచి, కిటికీలు తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి వారం ఉంచండి. అగరొత్తులు, కర్పూరం వాసనను కప్పుతాయంతే. పైగా పచ్చి రంగు దగ్గర నిప్పు వద్దు.

అప్పటికీ జిగురుగానే ఉంటే తప్పు పూతలోనే ఉంది. మందంగా పట్టించి ఉంటారు, లేదా టర్పెంటైన్ బదులు, చవక అని కిరోసిన్ కలిపి ఉంటారు. అది మెల్లగా ఆవిరవుతుంది. జిగురు మీద ఎమరీ పేపరు పనిచేయదు, పూడుకుపోతుంది. పట్టీ బ్లేడుతో గీకి, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, ఆరాక 120 నంబరు పేపరు పట్టండి. ఇనుము బయటపడిన చోట రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, పైన రెండు పలుచని పూతలు, మధ్యలో ఒక రోజు విరామం. నవంబరు వానల్లో ఈ పని పెట్టుకోకండి. అసలు తుప్పు లేని అరలకు కొత్త రంగే అక్కర్లేదు.