వారాంతాల్లోనే నడిపే స్నోమొబైల్‌తో ముప్పు తక్కువేనా?

"మంచు మీద నడిచే ఈ బండి కొని మూడేళ్లయింది, శని, ఆదివారాల్లోనే తీస్తాను, ఇంకా భయపడాలా?" అని అడిగారు. ఏళ్ల లెక్క పక్కన పెట్టండి. ఏ వేళప్పుడు, ఎక్కడ, ఎంత వేగంగా నడుపుతున్నారో చూసుకోండి. పగటిపూట తెలిసిన దారిలో మెల్లగా వెళ్లే కొత్తవాడి కంటే, రాత్రి రెండు పెగ్గులేసుకుని గడ్డకట్టిన సరస్సు మీద దూసుకెళ్లే పాతకాపుకే ముప్పెక్కువ.

రాత్రి సంగతే తీసుకోండి. హెడ్‌లైట్‌లో 60 మీటర్ల దాకా కనిపిస్తుందనుకుందాం. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. అడ్డేదో ఉందని గుర్తించి బ్రేక్ నొక్కేసరికి సెకనున్నర, అంటే 33 మీటర్లు పోయినట్టే. మిగిలిన 27 మీటర్లలో మంచు మీద బండి ఆగదు. పైగా బ్రేక్ పట్టేది వెనకున్న రబ్బరు పట్టాను, అంటే ట్రాక్‌నే, ముందుండే జారుడు పలకలకు, అంటే స్కీలకు, బ్రేక్ ఉండదు. స్కీల కింద మంచును పట్టే గట్టి కార్బైడ్ అంచులు అరిగితే హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగానే పోతుంది. చెట్లకు గుద్దుకునే ప్రమాదం ఉండేది ఇలాంటప్పుడే.

సరస్సు మీదికెళ్లేముందు మంచు మందం కొలవండి. గట్టి, తేట మంచు కనీసం 18 సెంటీమీటర్లుండాలి. తెల్లగా ఉంటే దానికి రెట్టింపు కావాలి. వాగు కలిసే చోట, వంతెన కింద మంచు పల్చగా ఉంటుంది, అటు పోవద్దు. ఐస్ పిక్స్ (నీళ్లలో పడితే మంచులో గుచ్చి పైకి రావడానికి వాడే మొనదేలిన పిడులు) మెడలో వేసుకోండి. బ్యాగులో ఉంటే నీళ్లలో పడ్డాక చేతికందవు.

బయల్దేరేముందు ఒక్క నిమిషం పని. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే థ్రాటిల్ నొక్కి వదలండి, టక్కున వెనక్కి రావాలి. కేబుల్‌లో తేమ గడ్డకడితే రాదు. స్టార్ట్ చేశాక టెదర్ తాడు (మనిషి పడిపోతే ఊడి ఇంజిన్‌ను ఆపేది) లాగి చూడండి, ఇంజిన్ ఆగిపోవాలి. దాన్ని జాకెట్‌కు తగిలించుకోకుండా హ్యాండిల్‌కే వేలాడదీసేవాళ్లున్నారు. అలాంటప్పుడు అది ఉన్నా లేనట్టే.

ఇంకోటి, మలుపులో బండి ఒరుగుతుంటే కాలు కింద పెట్టి ఆపబోకండి. రెండు వందల కిలోలు దాటిన బరువు. మెత్తటి మంచులో కాలు కూరుకుంటే బండి ముందుకెళ్లిపోతుంది, మోకాలు మెలితిరుగుతుంది. పాదాలు ఫుట్‌బోర్డు మీదే ఉంచి, ఒంటిని మలుపు లోపలివైపు వంచండి. అప్పటికీ తిరగబడుతుంటే థ్రాటిల్ వదిలేసి, బండికి దూరంగా దొర్లిపోండి.