నల్లమల నడకకి ముందు కోడలికి నాలుగు మాటలు

ఏమే కోడలా,

శివరాత్రికి శ్రీశైలం నడిచి పోవాలనుకుంటున్నా అత్తా, ఏమేం కొనాలి అని మెసేజ్ పెట్టావు కదా, కొనేది తర్వాత గానీ ముందు దారి ఎట్లుంటాదో విను. నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో మొదలుపెడితే నాగలూటి వీరభద్రస్వామి గుడి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, అక్కడ్నుంచి హాటకేశ్వరం మీదుగా శ్రీశైలం కొండ, మొత్తం 40 కిలోమీటర్ల పైనే. అంతా టైగర్ రిజర్వ్ అడవి, మామూలు రోజుల్లో ఈ దారిన పోనీరు, శివరాత్రికీ ఉగాదికీ మాత్రం వదుల్తారు (ఉగాదికైతే కర్ణాటక వాళ్లదే రాజ్యం, భ్రమరాంబ వాళ్ల ఇంటి ఆడపిల్ల అంటారు మరి). దారి ఏ రోజు తెరుస్తారో ఫారెస్టు వాళ్లని కనుక్కున్నాకే లీవు పెట్టు.

జిమ్‌కి పోతున్నా కదా సరిపోద్దిలే అనుకోవద్దు. ట్రెడ్‌మిల్ మీద రాళ్లుండవు, ఎండ ఉండదు. ఇప్పట్నుంచే ఆదివారం ఆదివారం బ్యాగు తగిలించుకుని నడువు, మొదట రెండు గంటలు, తర్వాత మూడు, నాలుగు, చివర్లో శనివారం ఆదివారం వరసగా రెండు రోజులు, ఎందుకంటే రెండో రోజు పొద్దున లేచి మళ్లీ నడవడమే అసలు కష్టం. ఇంకోటి, మీ అపార్ట్‌మెంట్లో లిఫ్టు మానేసి మెట్లు ఎక్కు, ఎక్కడం కంటే దిగడం ఎక్కువ చెయ్యి. అందరూ ఎక్కుడు గురించే భయపడతారు గానీ మోకాళ్లు పట్టేసేది భీముని కొలనుకి దిగేటప్పుడే. లోయలోకి నిట్టనిలువుగా దిగాలి, దిగినాక కైలాసద్వారం దాకా మళ్లీ మెట్లే మెట్లు, రెడ్డిరాజుల కాలం నాటివి అంటారు, ఒకటి జానెడు ఒకటి మూరెడు, ఏ రెండూ సమానంగా ఉండవు. చేతిలో ఒక కర్ర ఉంటే సగం బరువు అది మోస్తాది. దిగేటప్పుడు పరుగులు పెట్టే కుర్రాళ్లుంటారు, పోనీ వాళ్లని.

షూస్ కొత్తవి కొని అదే రోజు వేసుకుని వచ్చావంటే నాగలూటి దాటకముందే బొబ్బలు. రెండు నెలల ముందే కొని, అవి వేసుకునే ప్రాక్టీస్ చెయ్యి, సైజు కొంచెం వదులుగా ఉండాలి, సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి. గోళ్లు కత్తిరించుకో, లేకుంటే దిగుడులో బొటనవేలు గోరు నల్లబడిపోద్ది. పాదాలకి వాజిలిన్ రాసి సాక్సు వేసుకో, మడమ దగ్గర కాస్త మంటగా అనిపించగానే ఆగి టేపు వెయ్యి, ఇంకో కిలోమీటరు పోయినాక చూద్దాంలే అంటే అది బొబ్బ అయి కూర్చుంటాది. శివదీక్ష వాళ్లు ఉత్తకాళ్లతో పోతారు, వాళ్లని చూసి నువ్వూ షూస్ విప్పొద్దు, మొక్కు ఉంటే అది వేరే సంగతి.

నీళ్ల సంగతి. ఆ నెలలో నల్లమల ఆకు రాల్చేసి ఉంటాది, నీడ ఉండదు. తెల్లారకముందే బయలుదేరి పదకొండింటికల్లా ఎక్కడో ఒకచోట కూలబడి, ఎండ తగ్గినాక మళ్లీ నడవాలి. దారిలో ట్యాంకర్లు పెడతారు, అన్నదానాలూ ఉంటాయి, అయినా నీ దగ్గర రెండు లీటర్లు ఎప్పుడూ ఉండాలి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు. మన ఆడవాళ్లు చేసే పని ఒకటుంది, బాత్రూములు ఉండవని నీళ్లు తాగడం మానేస్తారు, మధ్యాహ్నానికి తలనొప్పి, వాంతులు, కాళ్లు తిమ్మిర్లు. అట్ల చెయ్యొద్దు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి ఉండండి, ఒకరు చున్నీ పట్టుకుంటే ఇంకొకరు పోయి రావచ్చు, దానికి సిగ్గుపడేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.

బ్యాగు ఐదు కేజీలు దాటనీయొద్దు. ఒక జత బట్టలు, దుప్పటి, టార్చి, తువ్వాలు, పల్లీ చిక్కీలు, నువ్వు రోజూ వేసుకునే మందులు. పవర్ బ్యాంకు ఒకటి చాలు, లోపల సిగ్నలే ఉండదు, ఇంట్లో వాళ్లకి ముందే చెప్పు ఫోన్ కలవకపోతే గాభరా పడొద్దని. ప్లాస్టిక్ కవర్లు అడవిలో పారెయ్యొద్దు, నీ చెత్త నీ బ్యాగులోనే.

రాత్రి పెచ్చెరువులో పడుకో, అక్కడ చెంచు గూడెం ఉంది, జనం కూడా ఉంటారు. చీకట్లో ఒక్కదానివే ముందుకి పోవద్దు, అది ఎలుగుబంట్లు తిరిగే అడవి.

ఇంకో మాట, శివరాత్రి రోజే చేరాలని లెక్క వేసుకోకు, ఒక రోజు ముందే కొండ మీదికి చేరు. శివరాత్రి నాడు రాత్రి గుడికి పాగాలంకరణ ఉంటాది, దీపాలన్నీ ఆర్పేసి చీకట్లో గోపురం నుంచి నందుల దాకా తెల్లటి పొడుగాటి నేతగుడ్డ, అదే పాగా, చుడతారు, నువ్వు కాళ్లు ఈడ్చుకుంటా అదే సాయంత్రం చేరితే నిలబడే ఓపిక యాడుంటాది?

మోకాలు నొప్పి ఇప్పటికే ఏమైనా ఉంటే దాచకుండా చెప్పు, అప్పుడు నాగలూటి దాకా జీపులు పోనిస్తున్నారేమో కనుక్కుని అక్కడ్నుంచి నడుద్దువు. బ్యాగు సర్దినాక అన్నీ మంచం మీద పరిచి ఫోటో పెట్టు, ఏవి తీసెయ్యాలో చెప్తా.

మీ అత్త