కదలకుండా ఉంటుందని చిమ్మెటను ఫ్రిజ్‌లో పెట్టి ఫొటో తీయొచ్చా?

కాసేపు చల్లబరిస్తే సాధారణంగా చచ్చిపోదు, మొద్దుబారుతుందంతే. అయినా నేనైతే వద్దంటాను. ముడుచుకున్న కాళ్లు ఫొటోలో ఇట్టే పట్టిస్తాయి. పైగా ఒళ్లు వేడెక్కేదాకా ఎగరలేక రెక్కలు వణికిస్తూ కూర్చుంటుంది. ఆలోగా పిట్ట కంటపడితే అంతే సంగతులు.

రెక్క పట్టుకుంటే వేలికి అంటుకునే పొడి ఉంది చూశారూ, అవి సన్నటి పొలుసులు. రాలితే మళ్లీ మొలవవు. అట్లాస్ అనే పెద్ద చిమ్మెటకైతే రెక్కలొచ్చాక తినే నోరే ఉండదు, బతికేది మహా అయితే ఒకటి రెండు వారాలు. అందులో ఒక రాత్రి మన డబ్బాలో గడిచిపోతే దానికి పెద్ద నష్టమే.

తెల్లవారుజామున వెళ్లండి, చల్లదనానికి అవే కుదురుగా ఉంటాయి. జరపక తప్పకపోతే ముందుకాళ్ల దగ్గర పుల్ల పెట్టండి, తనే ఎక్కుతుంది. తెల్లగుడ్డ మీద లైటు వేసి రప్పిస్తే, పని కాగానే ఆర్పేయండి.