ఒక్కో భాగం, ఒక్కో ఆవాసం

ప్రశ్న: ‘ప్లానెట్ ఎర్త్’ ధారావాహికను జంతువుల వారీగా కాక కొండలు, గుహలు, ఎడారులు అంటూ ఎందుకు విభజించారు? హెలికాప్టర్ చప్పుడుకు జంతువులు బెదరలేదా?
– ఒక పాఠకురాలు

జవాబు: 2006లో బీబీసీ ప్రసారం చేసిన ఆ ధారావాహికలోని 11 భాగాలలో మొదటిది భూగోళమంతటినీ పరిచయం చేయగా, మిగిలిన 10 భాగాలు ఒక్కో ఆవాసాన్ని చూపాయి. ఈ విభజన చాలా సముచితమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే నేలను, నీటిని విడిచి జంతువును అర్థం చేసుకోలేము. ఒకవాంగో నదినే చూడండి. అంగోలా ఎగువ ప్రాంతాలలో కురిసిన వాన నెలల తరబడి ప్రవహించి, బోట్స్వానాలో చుక్క వాన పడని పొడి కాలంలో కలహారి ఇసుక నేలలను ముంచెత్తి, సముద్రాన్ని చేరకుండానే చాలావరకు ఆవిరైపోతుంది. ఎండిన నేలపై ఏనుగుల మందలు అంత దూరం నడిచి వచ్చేది ఆ నీటి కోసమే. గోబీ ఎడారిలోని అడవి ఒంటెలైతే శీతకాలంలో మంచును తిని దాహం తీర్చుకుంటాయి.

ఇక చిత్రీకరణ సంగతి. హెలికాప్టర్ ఎంత కదిలినా దృశ్యం చెదరకుండా నిలిపే అమరికలో కెమెరాను బిగించి, దూరాన్ని దగ్గర చేసే కటకంతో చాలా ఎత్తు నుంచి చిత్రించడం వల్ల, మన రేచుకుక్కలకు బంధువులైన ఆఫ్రికా అడవి కుక్కల వేటను వాటిని బెదరగొట్టకుండానే చూపగలిగారు. పాకిస్తాన్‌లోని హిందూకుష్ కొండల్లో మంచు చిరుతను చిత్రించడానికి మాత్రం రోజుల తరబడి నిరీక్షించడమే మార్గమైంది. అది నిలువు కొండచరియపై మార్‌ఖోర్ అనే కొండమేకను తరిమిన దృశ్యం అలా లభించినదే. ఆ వేటలో మేక తప్పించుకుంది.