కార్పొరేట్ ఆఫీసా, ఆసుపత్రా: మా అమ్మాయిని ఎక్కడ చేర్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయి హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ పూర్తిచేస్తోంది. ఒక పెద్ద హెల్త్‌కేర్ గ్రూపు కార్పొరేట్ ఆఫీసులో, స్ట్రాటజీ (సంస్థ ప్రణాళికలు వేసే) టీమ్‌లో ఉద్యోగం వచ్చేలా ఉంది. అదే గ్రూపు ఆసుపత్రిలో ఆపరేషన్స్ (రోజువారీ పనుల నిర్వహణ) ఉద్యోగం కూడా ఉందంటున్నారు. ఆసుపత్రి మూతపడొచ్చు, కంపెనీ అయితే భద్రం కదా?
– ఒక తండ్రి

జవాబు: ఈ ప్రశ్న నన్ను చాలామంది తల్లిదండ్రులు అడిగారండీ. ఆసుపత్రి మునిగినా కంపెనీ నిలుస్తుందన్న ధీమా మాత్రం సరైంది కాదు.

మందులకు, స్కానింగ్ యంత్రాలకు అన్ని ఆసుపత్రుల తరఫునా బేరమాడేది కంపెనీ. ఇన్సూరెన్స్ సంస్థలతో రేట్లు కుదుర్చుకునేదీ, అప్పు తెచ్చేదీ కంపెనీయే. ఆ అప్పు తీరాలంటే ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో డబ్బు పడాలి. అమెరికాలో స్టీవార్డ్ హెల్త్ కేర్ సంస్థ 2016లో తన ఆసుపత్రుల భవనాలు ఒక రియల్ ఎస్టేట్ సంస్థకు అమ్మేసి, వాటిలోనే అద్దెకు కొనసాగింది. చేతికి డబ్బు వచ్చింది కానీ అద్దె మెడకు చుట్టుకుంది. 2024 మే నెలలో దివాలా పిటిషన్ వేసేనాటికి ఆ సంస్థ కింద 31 ఆసుపత్రులున్నాయి. కాబట్టి కార్పొరేట్ ఆఫీసులో కూర్చున్నంత మాత్రాన భద్రత రాదు.

పీజీ కాగానే స్ట్రాటజీ టీమ్‌లో చేరడం ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నారు. నాకు దానిమీద అంత నమ్మకం లేదు. డాక్టరు ఉదయమే డిశ్చార్జ్ రాస్తారు. వాడని మందులు ఫార్మసీకి వెనక్కి వెళ్లాలి, ఫైనల్ బిల్లు తయారవాలి, ఇన్సూరెన్స్ అప్రూవల్ రావాలి. బెడ్ ఖాళీ అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. అప్పటిదాకా క్యాజువాలిటీలో ఇంకో పేషెంట్ ఎదురుచూస్తూనే ఉంటారు. కంపెనీ అడిగే 'సగటున ఎన్ని రోజులున్నారు' అనే లెక్క పుట్టేది ఇక్కడే. ఇదంతా కళ్లారా చూడకుండా ఆ లెక్క తగ్గించమని వార్డుకు మెయిల్ పెట్టే మేనేజర్లను చూశాను. నర్సులు వాళ్ల మాట వినరు, వినకపోవడంలో తప్పూ లేదు.

ఇంకో మాట, కోపగించుకోకండి. మీ ఉత్తరంలో గ్రూపు పేరుంది, భద్రత గురించి ఉంది, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్కా లేదు. పీజీ దాకా చదివిన పిల్ల ఉద్యోగం మీరొక్కరే కూర్చుని ఎంచుతారా?

మూతపడుతుందన్న భయం విషయానికొస్తే, ఫిలడెల్ఫియాలోని హానెమన్ ఆసుపత్రి చేతులు మారిన ఏడాదిన్నరకే, 2019లో మూతపడింది. అక్కడ శిక్షణలో ఉన్న 500 మందికి పైగా రెసిడెంట్ డాక్టర్లు చెల్లాచెదురయ్యారు. అయినా వేరే ఆసుపత్రులు వాళ్లను చేర్చుకున్నాయి. పని తెలిసిన మనిషి అవసరం ఏ ఆసుపత్రికైనా ఉంటుంది. మీ అమ్మాయికీ ఆ ఢోకా లేదు.

నన్నడిగితే రెండేళ్లు ఆసుపత్రిలో చేయనివ్వండి, కార్పొరేట్ ఆఫీసుకు తర్వాత వెళ్లొచ్చు. ఇంటర్వ్యూలో మాత్రం రెండు సంగతులు కనుక్కోమనండి: భవనం ఎవరి పేరున ఉంది, కొత్త యంత్రం కావాలంటే సంతకం ఎవరిది.